ఎనిమిదణాల బ్రష్షు

“మనిషి ముఖము మీద పెట్టదగిన ప్రతి వస్తువునకు ఒక ప్రమాణము ఉండవలెను!”

ఈ మాట సెలవిచ్చినవారు మా హనుమకొండ ఆఫీసు సూపరింటెండెంటు, ఉద్యోగుల కళాసమితి అధ్యక్షులు శ్రీ కిషన్ రావు గారు. 1979 ఆగస్టులో, మధ్యాహ్నం టీ తాగిన తర్వాత సెలవిచ్చారు. నేను వెంటనే మినిట్సు పుస్తకంలోకి ఎక్కించాను. చేతిరాత గుండ్రంగా ఉంటుందన్న ఒకే ఒక్క నేరానికి నన్ను సమితికి సెక్రటరీని చేశారు. అప్పటి నుంచి ఆయన అనడం, నేను రాయడం.

ఆ మాట పుట్టడానికి కారణం రాయమల్లు. ఇరవై ఏళ్లుగా మా నాటకాలకు మేకప్ అతనే. బ్రష్షులు కూడా తనే చేసుకుంటాడు. మేక చెవుల వెంట్రుకలు తెచ్చి, కుంకుడుకాయ రసంతో కడిగి, ఎండబెట్టి, వెదురుపుల్లకు దారంతో బిగించి లక్క పెడతాడు. ఎవరైనా అడిగితే ఒక్కోటి ఎనిమిదణాలకు ఇస్తాడు. ఆ ఏడు మా నాటకం జిల్లా ఉద్యోగుల పోటీలకు వెళ్తోందని తెలిసి, నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

“సారూ, ఇరవై ఏండ్ల సంది మీ మొహాలకు రంగులేస్తాన. పాంప్లెట్ల కుర్సీలిచ్చినాయన పేరు సుత పడ్డది. నా పేరే పడలే. ఈసారన్న జర ఏయించుండ్రి. మా ఇంటామె సమ్మమ్మకు సూపెట్టాలె.”

నిజమే. మా పాంప్లెట్లో అందరి పేర్లూ ఉంటాయి, మాకు ముఖాలు ఇచ్చిన మనిషిది తప్ప. “తప్పక ఏయిస్త రాయమల్లూ” అని మాటిచ్చాను. పాంప్లెట్‌కు అధ్యక్షుల సంతకం కావాలన్న సంగతి మాటిచ్చాక గుర్తొచ్చింది.

కిషన్ రావు గారు, రాయమల్లు పేరు చేర్చి నేను రాసిన పాంప్లెట్ కాగితం చూసి కళ్లద్దాలు తీశారు. ఆయనకు యాభై నాలుగేళ్లు. తల జొన్నపేలాల్లా తెల్లబడింది గానీ, మీసం మాత్రం ఇరవయ్యో ఏటనే ఆగిపోయింది. అది తమ వంశలక్షణమని వారే చెప్పేవారు.

“ఏందయ్యా ఇది? ఎనిమిదణాల బ్రష్షు పట్టేటోని పేరు అచ్చేయాల్నా? పోటీలకు పోతానం, మన ఇజ్జత్ ఏం గావాలె? మా బామ్మర్ది దుకాణంల బొంబాయి బ్రష్షులు దిగినయ్. డబ్బి మీద దొరసాని బొమ్మ గూడ ఉన్నది!”

“కని సార్, కొత్తయి కొనాల్నంటే పాతయి పనికిరావని రిపోర్టు ఉండాలె గద” అన్నాను. అది అడ్డుపుల్ల అనుకున్నాను. ఆయనకు అదే దారి అయింది.

కమిటీ పడింది. ఆయన, అకౌంటెంటు సారంగపాణి, నేను. పరీక్ష ఎలా చేయాలి? ముఖం మీద చేద్దామంటే కమిటీ సభ్యుల హోదాకు తగదు. స్టోర్సు మాన్యువల్ తిరగేశాం. అందులో ‘కుంచె’ అన్న మాట ఒకే ఒక్క చోట ఉంది, గోడలకు సున్నం వేసే కుంచె గురించి. కొనే ముందు ఇరవై నాలుగు గంటలు సున్నపు నీళ్లలో నానబెట్టవలెనట.

నానబెట్టాం! ఒక బకెట్లో రాయమల్లు బ్రష్షు, ఇంకో బకెట్లో దొరసాని బ్రష్షు. మర్నాడు తీసి చూస్తే రాయమల్లు బ్రష్షు పెట్టింది పెట్టినట్టే ఉంది. రెండో బకెట్లో పుల్ల ఒక పక్క తేలుతోంది, వెంట్రుకలు ఇంకో పక్క తేలుతున్నాయి.

సారంగపాణి రెండు బకెట్లనూ మార్చి మార్చి చూశాడు. “సార్, ఇప్పుడేం రాద్దాం?”

“కండ్లతోని చూసిందే రాయుండ్రి” అని కిషన్ రావు గారు చెప్పసాగారు. “బొంబాయి బ్రష్షు మృదు స్వభావము కలది. సున్నములో సైతము కలిసిపోయినది. నాటు బ్రష్షు మిక్కిలి మొండిది. కావున ముఖమునకు పనికిరాదు.”

గుండ్రంగా రాశాను. సంతకమూ పెట్టాను. నాకు నా మీదే అసహ్యం వేసింది.

రిపోర్టు చదవడానికి సమావేశం పెట్టాం. ఆఫీసంతా వచ్చింది. రాయమల్లు తలుపు దగ్గర నిలబడి మొత్తం విన్నాడు. ‘ముఖమునకు పనికిరాదు’ అని చదివి నేను తల దించుకున్నాను. అతను మెల్లగా వచ్చి, సంచిలోంచి ఒక కాగితం పొట్లం తీసి అధ్యక్షుల బల్ల మీద పెట్టాడు.

“మంచిది సారూ. మరి గిదేం జేయాలె? మీ మీసానికి నల్లరంగేసే బ్రష్షు అరిగిందని మీ ఇంటామె రాజేశ్వరమ్మగారు మొన్న జెప్పింది. ‘బజార్లయి వెంట్రుకలు ఊడుతానయి రాయమల్లూ, నీదే తే’ అన్నది. తెచ్చిన. మీరేమో మొండిదంటాండ్రు. వాపసు తీస్కపోన్నా?”

నలభై జతల కళ్లు ఒకే మీసం మీద వాలాయి.

కిషన్ రావు గారు సామాన్యులా! వారి చెయ్యి ఫైళ్లు సర్దుతున్నట్టు సర్దుతూ పొట్లాన్ని డ్రాయర్లోకి చేర్చింది. “సెక్రటరీ! సవరణ రాయుండ్రి. మీసము ముఖములో భాగము కాదు. ముఖము మీద అదనముగా మొలిచినది మాత్రమే. కావున మీసముల వరకు నాటు బ్రష్షునకు అనుమతి ఇవ్వడమైనది!”

రాశాను. రాస్తుంటే నాకూ ఒక బుద్ధి పుట్టింది. “సార్, అనుమతి ఎవరికిచ్చినమో పాంప్లెట్ల పేరు లేకుంటే ఆడిట్ అబ్జెక్షన్ వస్తది” అన్నాను. ఆడిట్ అన్న మాటకు ఆయన ఎదురు చెప్పగా నేనెన్నడూ చూడలేదు.

పాంప్లెట్ అచ్చయి వచ్చింది. అట్టడుగున ఇలా ఉంది: ‘మేకప్: రాయమల్లు (మీసాలు మాత్రమే)’.

రాయమల్లు దాన్ని నాతో చదివించుకున్నాడు. బ్రాకెట్లోది రెండోసారి చదివించుకొని, మడిచి జేబులో పెట్టుకున్నాడు. నాకు బ్రాకెట్లు కనిపెట్టినవాడి మీద ఒళ్లు మండింది.

పోటీల సాయంత్రం ముఖాలకు కమిటీయే బొంబాయి బ్రష్షులతో రంగు పూసింది. రాయమల్లు ఒక మూల కూర్చొని, అంతా అయ్యాక వచ్చి, ఒక్కొక్కరికీ మీసం దిద్దాడు. ఇంకెక్కడా చెయ్యి పెట్టలేదు. తెర లేచాక లైట్ల వేడికి రంగు కరిగే కొద్దీ, అందులో ఇరుక్కున్న బొంబాయి వెంట్రుకలు మా చెంపల మీద లేచి నిలబడ్డాయి. జమీందారు వేషం కిషన్ రావు గారిది. మొదటి రంగంలో నున్నగా ఉన్న జమీందారుకు మూడో రంగానికల్లా గడ్డం వచ్చింది!

న్యాయనిర్ణేత రిటైరైన హెడ్మాస్టరు సాంబయ్య గారు. మైకు పట్టుకొని, “ఈ నాటకంల నటన గురించి నేనేం మాట్లాడ. కని ఆ మీసాలున్నయే! అచ్చం మొలిచినట్టే ఉన్నయ్. మేకప్ బహుమతి దీనికే” అని, పాంప్లెట్లో వెతికారు. మేకప్ దగ్గర ఉన్నది ఒక్క పేరే. “రాయమల్లు!” అని పిలిచారు.

ఆడవాళ్ల వైపు సమ్మమ్మ లేచి నిలబడింది. నాకు ఏడుపొచ్చినంత పనయింది.

కప్పు అధ్యక్షుల చేతుల మీదుగా ఇప్పించారు. కిషన్ రావు గారు మైకు ముందుకు జరిగి, “మన రాయమల్లు! నేనే ప్రోత్సహించి పైకి తెచ్చిన!” అన్నారు. చప్పట్లు మోగాయి. రాయమల్లు కప్పు చంకలో పెట్టుకొని, ఆయన చెంప మీది వెంట్రుకను రెండు వేళ్లతో పట్టి లాగాడు. మైకు దగ్గరగానే ఉంది.

“సారూ, ఇది మొహం. నా పని గాదు. అయినా జర తీసేస్తాన, ఏమనుకోకుండ్రి.”