నిలబడ్డవాడికే ఇత్తడి ఫలకం

బెంచీ మీద కూర్చున్నవాళ్లకు గోడ మీద చోటు లేదని ప్రెయిరీ లీగ్ బేస్‌బాల్ కీర్తి మందిరం కమిటీ వారు ఈ వసంతంలో కూడా ప్రకటించారు. ప్రకటన న్యాయంగానే ఉంది. ఆ మందిరం ఒకప్పటి వెన్న ఫ్యాక్టరీ. ఉన్నవి నాలుగు గోడలు, అందులో ఒకదాని మీద ఎన్నిసార్లు వేసినా రంగు నిలవదు. ఉన్న కాస్త చోటూ కూర్చున్నవాళ్లకే పంచిపెడితే, రేపు నిలబడ్డవాళ్ల గతేం కాను?

ప్రకటనలో ఎవరి పేరూ లేదు. అయినా అది గస్ ఓస్టర్‌హౌట్ గురించేనని వెస్లీ క్రీక్ ఊరంతటికీ తెలుసు. గస్‌కు మరీ బాగా తెలుసు. అతను ఊరి జట్టులో ఏళ్ల తరబడి డిజిగ్నేటెడ్ హిట్టర్‌గా ఆడాడు. బంతి విసిరే పిచ్చర్‌కు బ్యాట్ ఎటు పట్టుకోవాలో తెలియదు కనుక, అతని వంతు వచ్చినప్పుడల్లా గస్ వెళ్లి కొట్టి వచ్చేవాడు. తనవాళ్లు బంతులు పట్టడానికి మైదానంలోకి దిగగానే బెంచీ మీద కూర్చునేవాడు. అతను కొట్టిన బంతుల్లో ఒకటి లూథరన్ చర్చి కప్పు మీద పడింది. మరొకటి పళ్ల డాక్టరు గారి కిటికీలోంచి దూరి సరిగ్గా రోగులు కూర్చునే కుర్చీలో పడింది. ఊరికి ఛాంపియన్‌షిప్ కప్పులు వచ్చింది అతని చేతుల మీదుగానే. ఆ కప్పులు మందిరంలో అద్దాల బీరువాలో ఉన్నాయి. వాటిని చూడాలంటే గస్ కూడా టిక్కెట్టు కొనాల్సిందే.

నిబంధన ప్రకారం ఒక ఆటగాడి పేరు పదేళ్లు మాత్రమే పరిశీలనలో ఉంటుంది. గస్‌కు ఇది పదో ఏడు. శరదృతువులో జరిగే ఓటింగ్‌లో కూడా ఓడితే ఆ పేరు కొట్టేస్తారు, మళ్లీ ఎక్కించరు. పైకి నవ్వుతూ తిరుగుతున్నాడు గానీ, ఆ బెంగతో మనిషికి తిండి సయించడం లేదు.

గస్ స్నేహితుడు డెల్ కాజ్మారెక్ మాత్రం ఎప్పుడో గోడెక్కాడు. డెల్ రైట్ ఫీల్డర్, అంటే మైదానం కుడి చివర కాపలా. ఆ లీగ్‌లో అటువైపు బంతి కొట్టేవాళ్లు బహు అరుదు. డెల్ అక్కడ నిలబడి, పొద్దుతిరుగుడు గింజలు నములుతూ, పొట్టు ఉమ్ముతూ తన యౌవనాన్నంతా క్రీడకు అంకితం చేశాడు. ఒకసారి బంతి నిజంగానే అతని వైపు వచ్చింది. కళ్లలో ఎండ పడి చూసుకోలేదు. కమిటీ ఆ విషయమై విచారించి ఎండదే తప్పని తేల్చింది. ఫలకం మీద అతని పేరు కింద 'సంపూర్ణ క్రీడాకారుడు' అని చెక్కించారు.

"నీదంతా కూర్చునే ఉద్యోగంరా గస్," అన్నాడు డెల్ ఓ సాయంత్రం బీరు తాగుతూ. "ఎండలో నిలబడి చూడు, కాళ్లెలా పీకుతాయో తెలుస్తుంది."

"నిలబడ్డావు సరే, బంతెప్పుడైనా పట్టావా?"

"పట్టడం వేరు, పట్టడానికి రెడీగా ఉండటం వేరు. నీకవన్నీ అర్థం కావులే!"

కమిటీ అధ్యక్షుడు థర్మన్ ప్రూయిట్ గారి అభిప్రాయం కూడా ఇదే. ఆయన స్థానిక పత్రికలో ఆట గురించి రాసే ప్రముఖుడు. "సగం ఆట ఆడినవాడిని పూర్తి మనిషిగా ఎలా గౌరవిస్తాం?" అని ఆయన ఏటా ఒకే ఉపన్యాసంలో, ఒకే చోట బల్ల గుద్ది అడుగుతారు. ఆయన తొమ్మిది ఇన్నింగ్స్ ఆటలో ఆరో ఇన్నింగ్స్ కాగానే, కార్ల రద్దీకి ముందే బయటపడి, భోజనం చల్లారకుండా ఇల్లు చేరుకుంటారు. మిగతా ఆట రేడియోలో విని రాస్తారు. ఆట పట్ల అంత గౌరవం ఉన్నవారు కనుకనే ఆయన్ను అధ్యక్షుణ్ణి చేశారు.

చివరికి గస్ భార్య వెర్నాకు ఓపిక నశించింది. "ఏమయ్యా, పదేళ్ల నుంచీ నా దగ్గరే మూలుగుతున్నావు. వెళ్లి ఆ ప్రూయిట్‌నే అడుగు. కరుస్తాడా ఏంటి?"

గస్ వెళ్లి అడిగాడు. ప్రూయిట్ గారు కరవలేదు సరికదా, కరుణించారు. జూలైలో జరిగే పాత ఆటగాళ్ల పోటీలో గస్ ఆటంతా రైట్ ఫీల్డ్‌లో నిలబడవచ్చని, దాన్నిబట్టి అతని అర్హతను పరిశీలిస్తామని కమిటీ తీర్మానించింది. ఒకే ఒక్క షరతు. ఆ రోజు అతను బ్యాట్ ముట్టుకోరాదు. ముట్టుకుంటే అతని ప్రతిభ కంటబడి పరిశీలన పక్కదారి పట్టే ప్రమాదముంది. కనుక గస్ వంతు వచ్చినప్పుడల్లా అతని బదులు కొట్టడానికి డెల్‌ను నియమించారు.

గస్ కొత్త గ్లవ్ కొన్నాడు. అది అట్టముక్కలా బిగుసుకుని ఉంది. మెత్తబడాలంటే నూనె రాసి, లోపల బంతి పెట్టి, తాడుతో కట్టి, పరుపు కింద ఉంచి పడుకోవాలి. ఆ ఊళ్లో కుర్రవాళ్లంతా చేసే పని గస్ అరవై దాటాక మొదలుపెట్టాడు.

"ఇన్నేళ్ల కాపురంలో మన మంచానికి మూడోది ఇప్పుడొచ్చింది," అంది వెర్నా నడుం పట్టుకుని. "అదీ నీ వైపు కాదు, నా వైపు!"

పోటీ రోజు ఎండ మండిపోయింది. గస్ రైట్ ఫీల్డ్‌లో నిలబడ్డాడు. ప్రూయిట్ గారు నీడలో కూర్చుని బైనాక్యులర్స్‌తో పరిశీలించారు. మొదటి ఇన్నింగ్స్‌లో బంతి అటు రాలేదు. రెండోదాంట్లోనూ రాలేదు. నాలుగోదాంట్లో గస్ కుడికాలి మీంచి ఎడమకాలి మీదికి బరువు మార్చుకున్నాడు, కమిటీ సభ్యులు ఒకరి ముఖం ఒకరు చూసుకుని తలలాడించారు. అయిదోదాంట్లో గ్లవ్‌తో ఒక దోమను కొట్టాడు, గురి తప్పలేదు. ఆరో ఇన్నింగ్స్ కాగానే ప్రూయిట్ గారు తృప్తిగా లేచి భోజనానికి వెళ్లిపోయారు.

ఆఖరి ఇన్నింగ్స్‌కు వెస్లీ క్రీక్ ఒక్క పరుగు వెనకబడి ఉంది. మూడు బేసుల్లోనూ పరుగుకు సిద్ధంగా మనుషులున్నారు, కానీ ఇంకొక్కరు ఔటైతే ఆట ముగిసినట్టే. వంతు గస్‌ది. "గస్! గస్!" అని జనం బల్లలు చరిచారు. అతని చేతులు వాటంతటవే బ్యాట్ కోసం చాచుకున్నాయి. అంపైరు తల అడ్డంగా ఊపాడు. డెల్ నోట్లో గింజలు ఉమ్మేసి వెళ్లి, మూడుసార్లు గాలిని కొట్టి, ఔటై తిరిగి వచ్చాడు. జట్టు ఓడిపోయింది. ఆ మూడు బంతుల్లో ఏదైనా సరే తాను చర్చి దాకా పంపించేవాడని గస్‌కు తెలుసు.

"ఎండ కళ్లలో పడిందిరా," అన్నాడు డెల్. సూర్యుడు అప్పటికి వాళ్ల వెనకనున్నాడు.

శరదృతువులో కమిటీ గస్‌ను ఏకగ్రీవంగా ఎన్నుకుంది. అతను ఆట చివరిదాకా చెక్కుచెదరకుండా నిలబడిన తీరును కళ్లారా చూశానని ప్రూయిట్ గారు ఉపన్యాసంలో చెప్పారు. ఫలకం మీది బొమ్మలో గస్ చేతికి గ్లవ్ ఉంది. కొట్టిన బంతుల సంగతి, చోటు చాలక చెక్కలేదు. తెర తీయగానే గస్ వెక్కివెక్కి ఏడ్చాడు. అతని కన్నీళ్లలో కల్తీ లేదు.

గోడెక్కినవాళ్లకు ఆ మర్నాటి నుంచే ఓటుహక్కు వస్తుంది. మరుసటేడు పక్క ఊరి హిట్టర్ పేరు పరిశీలనకు వచ్చింది. గస్‌లాగే కొట్టేవాడు, గస్‌లాగే బెంచీ మీద కూర్చునేవాడు. ప్రూయిట్ గారు గస్ వైపు తిరిగి అభిప్రాయం అడిగారు. గస్ లేచి నిలబడ్డాడు.

"కుర్రాడు మంచోడేనండీ. కొడతాడు, కాదన్ను," అన్నాడు. "కానీ ఆడింది సగం ఆటే కదా?"

ఆ రాత్రి సంగతి విని, వెర్నా వంటగదిలోంచి తొంగిచూసి, "ఏమయ్యా, నువ్వేనా ఆ మాటన్నది!" అంది. గస్ కంచం ముందుకు లాక్కున్నాడు. ఈ మధ్య అతను కూడా ఆరో ఇన్నింగ్స్‌కే ఇంటికి వచ్చేస్తున్నాడు, భోజనం వేడిగా ఉంటోంది.

మీరు నవ్వుతున్నట్టున్నారు. కూర్చుని నవ్వుతున్నారా, నిలబడి నవ్వుతున్నారా? కమిటీ వారు తెలుసుకోగోరుతున్నారు.