వజ్ర మార్గదర్శి గారి రొయ్య

గత శ్రావణమాసంలో అమలాపురం గడియారస్తంభం సెంటర్లో ఒక ఫ్లెక్సీ వెలిసింది. "అంతర్జాతీయ ఫ్రీలాన్సర్ల ఫోరంలో 'వజ్ర మార్గదర్శి' హోదా సాధించిన కోనసీమ ముద్దుబిడ్డ శ్రీ వెంకటసాయిరాం గారికి హృదయపూర్వక శుభాకాంక్షలు" అని దాని మీద ఉంది. కింద శుభాకాంక్షలు తెలుపుతున్న ఇరవై ఇద్దరి ఫొటోలున్నాయి. ఆ ఇరవై ఇద్దరిలో ఫోరం అంటే ఏమిటో తెలిసినవారు ఒక్కరూ లేరు. అభినందనలకు అది ఎన్నడూ అడ్డు రాలేదు కనుక ఇప్పుడూ రాలేదు.

సాయిరాం వృత్తిరీత్యా డిజైనరు. సీసాలమీదా పొట్లాలమీదా అంటించే లేబుళ్లు తయారుచేసి, ఇంట్లోనే కూర్చుని ప్రపంచంలో ఎవరికైనా అమ్మగలడు. అందుకోసం ఒక సైటు ఉంది. మూడేళ్ల కిందట అందులో ఖాతా తెరిచి నెలరోజులు ఎదురుచూశాడు. ఎవరూ ఏమీ కొనలేదు. ఎందుకు కొనలేదో కనుక్కుందామని, అదే సైటులో అమ్మకందార్లు మాట్లాడుకునే ఫోరంలోకి వెళ్లాడు. అక్కడ ఎవరో పెద్దమనిషి, "ముందు ఇక్కడ పేరు తెచ్చుకో, ఆర్డర్లు వాటంతటవే వస్తాయి" అని రాశాడు. ఆ పెద్దమనిషికి ఎన్ని ఆర్డర్లు వచ్చాయో అడగడం మర్యాద కాదు కనుక సాయిరాం అడగలేదు.

ఆ రోజు నుంచి అతను సాధనలో కూర్చున్నాడు. వాళ్లది వేదం చదువుకున్న కుటుంబం. తాతగారు ఘనాపాఠి, మంత్రంలోని పదాలను ముందుకూ వెనక్కూ తిప్పి చెప్పగలిగినవారు. ఆ విద్య మనవడిలో వృథా పోలేదు. "ఓపిక పట్టండి, నాణ్యత పెంచండి" అని ఒకరికి రాస్తే, "నాణ్యత పెంచండి, ఓపిక పట్టండి" అని మరొకరికి రాసేవాడు. కొత్తగా చేరిన ప్రతివారికీ స్వాగతం చెప్పాడు. ఆర్డరు వచ్చినవారిని అభినందించాడు, రానివారిని ఓదార్చాడు. "మొదటి ఆర్డరు పొందడం ఎలా?" అని పదకొండు భాగాల వ్యాసం రాశాడు. అది చదివిన ఇద్దరికి నిజంగానే ఆర్డర్లు వచ్చి, పని ఎక్కువై, వాళ్లు ఫోరం మానేశారు. మనుషుల్లో ఇంత కృతఘ్నత ఉంటుందని సాయిరాం ఊహించలేదు.

అతని భార్య అపర్ణ ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతుంది. ఒక ఆదివారం బెండకాయలు తరుగుతూ మామూలుగా అడిగింది.

"ఏవండీ, ఆ ఫోరంలోకి కొనేవాళ్లు వస్తారా?"

"రారు. అమ్మేవాళ్లే వస్తారు."

"మరి ఎవరికి అమ్ముతారు?"

"అక్కడ అమ్మం, అపర్ణా. గౌరవం సంపాదిస్తాం."

అపర్ణ కత్తిపీట ఆపి ఆలోచించింది. "అంటే కాట్రేనికోనలో చేపలమ్మేవాళ్లందరూ గుండ్రంగా కూచుని, ఒకళ్ల బుట్టలో చేపని ఒకళ్లు మెచ్చుకున్నట్టన్నమాట."

"సరిగ్గా అర్థం చేసుకున్నావు" అని సాయిరాం సంతోషించాడు.

ఆ వీధి చివర మోషే మాస్టారి ఇల్లు. ఆయన హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. ఆయన కూతురు జాయ్‌ది కూడా ఇదే వృత్తి, ఇదే సైటు. నాలుగేళ్లలో ఆ అమ్మాయి ఆరువందల లేబుళ్లు చేసి అమ్మింది. తేనెలకీ, టీపొడులకీ, ఎక్కడో మంచుదేశంలో కుక్కలు తినే బిస్కెట్లకీ కూడా. పని తెమలక ఫోరం గుమ్మం ఎన్నడూ తొక్కలేదు. ఇంత చదువుకున్న పిల్ల ఇలా చీకట్లో ఉండిపోయిందే అని సాయిరాం బాధపడేవాడు.

ఒకసారి సైటువాళ్లు పొరపాటున జాయ్ ఖాతాకి తాళం వేశారు. దిక్కుతోచక ఆమె మొదటిసారి ఫోరంలో ఒక ప్రశ్న రాసింది. పది నిమిషాల్లో పంతొమ్మిది జవాబులొచ్చాయి. ఒక్క పోస్టు ఉన్న మనిషిని నమ్మడం ఎలా అని కొందరు నిలదీశారు. ప్రశ్నకి ముందు నమస్కారం లేదని కొందరు నొచ్చుకున్నారు. అన్నిటిలోకీ సౌమ్యమైన జవాబు వజ్ర మార్గదర్శిది: "తొందరపడకండి. ముందు వృత్తి మెళకువలు నేర్చుకోండి. నా వ్యాసం చదవండి."

మర్నాడు పాలబూత్ దగ్గర జాయ్ కనిపించింది.

"అన్నయ్యగారూ, నిన్న మీరు జవాబిచ్చింది నాకేనండీ."

"అలాగా? మరి వ్యాసం చదివేవా?"

"ఆయ్, చదివేనండీ. ఏడో భాగంలో మంచి లేబులంటే ఇలా ఉండాలని ఒకటి చూపించేరు కదండీ. అది నేను చేసిందేనండీ."

ఆ మాట సాయిరాంకి ఎక్కడో గుచ్చుకుంది. ఇంటికెళ్లి, "విమర్శను స్వీకరించడం ఎలా?" అని ఫోరంలో రాస్తే నొప్పి తగ్గింది. ఆ పోస్టుకి మూడువందల లైకులొచ్చాయి.

ఫ్లెక్సీ కట్టిన వారానికి ఉప్పలగుప్తం నుంచి సుబ్రహ్మణ్యేశ్వరరావుగారు కారేసుకుని వచ్చారు. ఆయన రొయ్యల రైతుల సంఘానికి అధ్యక్షులు. సంఘంవాళ్లు ఎండురొయ్యల పొడి చేసి విదేశాలకి పంపాలని రెండేళ్లుగా తిరుగుతుంటే ఇప్పటికి ఒక కంపెనీ ఒప్పుకుంది. శుక్రవారానికల్లా లేబులు పంపాలి. లేకపోతే వాళ్లు వేరేవాళ్లని చూసుకుంటారు. ధర పడిపోయి చెరువులు ఎండబెట్టుకున్న కుటుంబాలన్నీ ఈ పొడిమీదే ఆశ పెట్టుకున్నాయి.

"జాయ్ అనే అమ్మాయి బాగా చేస్తుందని మా తమ్ముడన్నాడండి" అన్నారాయన. "కానీ ఆవిడకి ఫ్లెక్సీ లేదు కదండీ. ఊళ్లో మీరుండగా ఇంకొకళ్ల గుమ్మం ఎక్కడం మీకు అవమానం, మాకూ అవమానమేనండి."

మూడేళ్లలో మొదటి ఆర్డరు. ఫోరంలో పేరుంటే పని వస్తుందన్న సిద్ధాంతం రుజువైపోయింది. ఇక పని చెయ్యడం ఒక్కటే మిగిలింది.

సాయిరాం డిజైను సాఫ్ట్‌వేరు తెరిచాడు. అది అతన్ని గుర్తుపట్టక పాస్‌వర్డు అడిగింది. అయినా పట్టుదలగా కూర్చుని, సాయంత్రానికి ఒక రొయ్య గీశాడు. మరీ అంత చెడ్డ రొయ్య కాదు. అక్కడితో ఆగి ఉంటే ఈ కథ లేదు. అలవాటు చొప్పున దాన్ని ఫోరంలో పెట్టి, "మీ అభిప్రాయం?" అని అడిగాడు.

రెండువందల పద్నాలుగు అభిప్రాయాలొచ్చాయి. వంగి ఉన్న ఆకారం నిరాశకు గుర్తు కనుక నిటారుగా ఉండాలన్నారొకరు. మీసాలు పిల్లల్ని భయపెడతాయన్నారు ఇంకొకరు. కాళ్లు మరీ ఎక్కువగా ఉన్నాయి, రెండు చాలన్నారు మరొకరు. ఆ రెండూ దేనికని వేరొకరు వచ్చారు. ఎరుపు ప్రమాదసూచిక, ఆకుపచ్చ ఆరోగ్యం. కళ్లు కొనుగోలుదారుణ్ణి అనుమానంగా చూస్తున్నాయి. ఎవరినీ నొప్పించకపోవడమే వజ్రహోదాకి మూలం కనుక సాయిరాం అందరి మాటా విన్నాడు. గురువారం మధ్యాహ్నానికి రొయ్య పూర్తయింది. స్కూలు నుంచి వచ్చిన అపర్ణ తెరమీదకి వంగి చూసింది.

"ములక్కాడ చక్కగా ఉందండీ. రొయ్య ఎక్కడ?"

సాయిరాం లాప్‌టాప్ మూసేశాడు. లేచి, చొక్కా మార్చుకుని, దాన్ని చంకలో పెట్టుకుని వీధి చివరికి నడిచాడు. మోషే మాస్టారు కుర్చీ వేసి, టీ ఇచ్చి, ఏమీ అడక్కుండా లోపలికెళ్లిపోయారు.

"జాయ్, నాకు చేతకాలేదు" అన్నాడు సాయిరాం. ఎనిమిదివేల పోస్టుల్లో అతను ఎన్నడూ రాయని వాక్యం అది.

జాయ్ ములక్కాడని చూసింది, అంతకుముందు గీసినవన్నీ తెరిచి చూసింది.

"మీ మొదటి బొమ్మ బాగానే ఉందండీ అన్నయ్యగారూ. దీన్నెందుకు ఇలా చేసుకున్నారు?"

"రెండువందల పద్నాలుగు మంది చెప్పేరు."

"అందులో రొయ్యలు తినేవాళ్లెంతమందండీ?"

ఆ మాటకొస్తే సాయిరాం కూడా తినడు. ఇద్దరూ ఒకేసారి నవ్వారు. జాయ్ ఆ మొదటి రొయ్యనే తీసుకుని, వంపు సరిచేసి, మీసాలకి ప్రాణం పోసి, దీపాలు పెట్టే వేళకి లేబులు చేతిలో పెట్టింది. శుక్రవారం పొద్దున్న అది కంపెనీకి వెళ్లింది. సాయంత్రానికి కంపెనీవాళ్లు ఖాయం చేశారు.

తరవాతి ఆదివారం కల్యాణమండపంలో సన్మానం. సుబ్రహ్మణ్యేశ్వరరావుగారు మైకు అందుకున్నారు. "ప్రపంచ దేశాల సలహాలను క్రోడీకరించి ఒక్క రొయ్యలో నిక్షిప్తం చేసిన మేధావి మన సాయిరాంగారు. ఇకమీదట రొయ్య అనగానే ప్రపంచానికి గుర్తొచ్చేది వీరి ముఖమే" అన్నారు. సభ చప్పట్లు కొట్టింది.

సాయిరాం లేచి నిలబడ్డాడు. రాత్రంతా అనుకున్న మాటలే చెప్పాడు. "అయ్యా, ఆ లేబులు నాది కాదు. జాయ్ చేసింది. మూడేళ్లలో నేను ఒక్క పనీ చేసి అమ్మలేదు. నన్ను క్షమించండి."

అతని గుండెలమీంచి బరువు దిగింది. అప్పుడు ముందువరసలో ఒక పెద్దాయన కళ్లు తుడుచుకుంటూ, "ఏం వినయమండీ" అన్నారు. అంతే, అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. రెండో శాలువా తెప్పించారు. గురువుగారి పర్యవేక్షణలో పనిచేసినందుకు జాయ్‌కి ఒక ప్లాస్టిక్ డబ్బాల సెట్టు ఇచ్చారు.

సాయిరాం ఇంటికొచ్చి ఫోరం తెరిచాడు. "మూడేళ్లు ఇక్కడ పేరు సంపాదించాను. అమ్మకాలు సున్నా. పని నేర్చుకోండి, ఇక్కడ కూర్చోకండి. సెలవు" అని రాసి, మూసేశాడు. ఫోరం చరిత్రలో అంతగా మెచ్చుకోబడిన పోస్టు మరొకటి లేదు. నలభైవేల మంది అక్కడే కూర్చుని దాన్ని చదివారు. నిర్వాహకులు అత్యవసరంగా సమావేశమై, అంతవరకూ లేని "మహావజ్రం" హోదాని సృష్టించి అతనికి ప్రదానం చేశారు.

దసరా వెళ్లాక ఊళ్లో ఒక కోచింగ్ సెంటర్‌వాళ్లు రెండు కోర్సులు పెట్టారు. ఒక గదిలో "ఫోరం హోదా సాధన", సాయిరాం ఒప్పుకోకపోయినా అతని వ్యాసమే పాఠ్యపుస్తకం. నూటఇరవై సీట్లు ఒక్కరోజులో నిండాయి. పక్కగదిలో జాయ్ చెప్పే లేబుళ్ల డిజైను. అందులో నలుగురు చేరారు. ఇద్దరు తలుపు పొరపాటుపడి వచ్చి, లేచి వెళ్లడానికి మొహమాటపడినవారు. మూడోవారు ఉప్పలగుప్తం రొయ్యల రైతు. నాలుగోవాడు సాయిరాం. వెనక బెంచీలో కూర్చుని, కొత్త నోటుపుస్తకంలో మార్జిన్ గీసుకుని, పాఠం రాసుకుంటున్నాడు. ఏళ్ల తరవాత అతని మొహంలో ఏదో తేటదనం కనిపించింది.

మూడోరోజున, మహావజ్రం పక్కగదిలో ఉన్నారన్న సంగతి గోడ దాటింది. నూటఇరవై మందీ ఫోన్లు పట్టుకుని లోపలికొచ్చారు. "పాఠం జరుగుతోందండీ" అని సాయిరాం బతిమాలాడు. ఆ వినయం కూడా వీడియోలో చక్కగా వచ్చింది. జాయ్ బోర్డు ముందు మార్కరు పట్టుకుని అలాగే నిలబడింది. ఒక కుర్రవాడు ఎంతో మర్యాదగా ఆమె దగ్గరికొచ్చాడు.

"మేడమ్‌గారూ, కొంచెం పక్కకి జరుగుతారాండీ? సార్ ఫ్రేములో పడట్లేదండీ."

జాయ్ పక్కకి జరిగింది. ఫొటో బ్రహ్మాండంగా వచ్చింది. దానికి ఇప్పటివరకూ పన్నెండువేల లైకులొచ్చాయి. మీరు మరిచిపోయి ఉంటారు గానీ, అందులో ఒకటి మీదేనండీ.