ఆరు కట్టల సంతాపం

ఆదివారం పొద్దున్నే ఇంటి ఓనరు శారదమ్మ యాదగిరిగుట్టకు బయలుదేరింది. దయాకర్ ఉప్పల్ బస్టాపుదాకా వెంట వెళ్లి, సంచీ అందించి, బస్సు కదిలాక కూడా చెయ్యి ఊపి వచ్చాడు. కిరాయికున్నవాడికి ఇంత భక్తి ఎందుకో భార్య గౌతమికి అర్థం కాలేదు. వస్తూ వస్తూ అతను ఆరు పేక కట్టలు తెచ్చేసరికి అర్థమైంది.

"నీకు పిచ్చి గిట్ల లేసిందా? ఇల్లిచ్చేనాడు ఆమె ఏం చెప్పింది?"

శారదమ్మ చెప్పింది ఒకటే. "మటన్ వండుకోండ్రి, చుట్టాలను పిలుసుకోండ్రి. పత్తాలు మాత్రం గడప దాటినయంటే తెల్లారి ఇల్లు ఖాళీ." ఆమె భర్త నాచారంలోని ప్లాటును పేకాటలో పోగొట్టి, ఆ దిగులుతోనే పోయాడు మరి. గౌతమి చదువు చెప్పే బడి ఇక్కడికి రెండు గల్లీల అవతలే. కిరాయి తక్కువ, నీళ్లు ఎక్కువ. ఇలాంటి ఇల్లు మళ్లీ దొరకాలంటే పెట్టిపుట్టాలి.

"ఇది ఆట కాదు గౌతమీ, లెక్క," అన్నాడు దయాకర్.

నాచారంలో ఒక ఫ్యాక్టరీలో పనిచేసే ఈ మహానుభావుడు దసరా సెలవులకు దోస్తులతో గోవా వెళ్తున్నాడు. అక్కడి జూదశాలల్లో ఇరవై ఒకటి అనే పేకాట ఉంది, బొమ్మ ముక్కకు పది లెక్క. ఇరవై ఒకటి దాటకుండా దానికి దగ్గరగా వచ్చినవాడిదే గెలుపు. చిన్న ముక్క పడితే మనసులో ఒకటి కలపాలి, బొమ్మో ఆసో పడితే ఒకటి తీసేయాలి. లెక్క పెరిగిందంటే లోపల పెద్ద ముక్కలు మిగిలాయన్నమాట. అప్పుడు పందెం గట్టిగా కాయాలి. ఈ విద్యంతా ఫోన్‌లో వీడియోలు చూసి నేర్చాడు. గోవాలో ఆరు కట్టలు కలిపి పంచుతారట, అందుకని ఇక్కడా ఆరు.

"ఏడ కొన్నవ్ ఇవి?"

"మన బిక్షపతి దుకాణంలనే."

గౌతమి నెత్తి పట్టుకుంది. ఒక కట్ట కొన్నవాడు పేకాడతాడు, ఆరు కట్టలు కొన్నవాడు ఆడిస్తాడు. ఉప్పల్ గల్లీల్లో ఇది పుట్టినవాడికల్లా తెలుసు. వీడియోల్లో ఎవరూ చెప్పలేదు కాబట్టి దయాకర్‌కు తెలియదు.

పావుగంటలో తలుపు చప్పుడైంది. బయట నలుగురు పెద్దమనుషులు, అప్పటికే చెప్పులు విడిచి నిలబడ్డారు. "బిక్షపతి చెప్పిండన్నా, నీ ఇంట్ల ఆట నడుస్తదంట గదా," అన్నాడు ముందున్నాయన. బుద్ధి ఉన్నవాడైతే అక్కడే దండం పెట్టి పంపేవాడు. కానీ మనుషుల మధ్య కూర్చుని లెక్క తప్పకుండా ఉండడమే అసలు సాధన అని వీడియోలో చెప్పారు. "రాండ్రి అన్నా, కూసోండ్రి," అన్నాడు దయాకర్. వాళ్లు ఒక కట్ట విప్పి మూడుముక్కలాట మొదలుపెట్టారు. కాసేపటికి ఇంకో ముగ్గురు, ఆ తర్వాత బిక్షపతే దుకాణం మూసి వచ్చాడు.

"మీ కాళ్లు మొక్కుత, సప్పుడు మాత్రం చెయ్యకుండ్రి," అని గౌతమి బతిమాలింది. పాపం, వాళ్లు మాట మన్నించారు. అక్కడే కొంప మునిగింది. గేటు దగ్గర్నుంచి మెట్లదాకా చెప్పులు, లోపల మగవాళ్లు గుంపుగా కూర్చుని నోరు మెదపడం లేదు. చూసేవాళ్లకు ఏమనిపిస్తుంది?

ఎదురింటి అరుణకుమారికి అదే అనిపించింది. పాలిపోయిన ముఖంతో గేటు దగ్గర నిలబడ్డ గౌతమి భుజం మీద చెయ్యి వేసింది. "ఏమైందమ్మా? ఎవరికి?" అంది. ఇల్లు పోతుందన్న దిగులుతో ఉన్న గౌతమికి ఆ చెయ్యి తగలగానే ఏడుపు తన్నుకొచ్చింది. మాట రాక, లోపలున్న మొగుడి వైపు వేలు చూపించింది.

"అయ్యో, మీవారి తరఫువాళ్లా. నువ్వేం కంగారుపడకు, నేను చూసుకుంటాను."

చూసుకుంది కూడా. మధ్యాహ్నానికి టీ ఫ్లాస్కు వచ్చింది, కుర్చీలొచ్చాయి, వాకిట్లో టెంటు లేచింది. గల్లీ ఆడవాళ్లు వచ్చి గౌతమిని చుట్టుకుని ఓదార్చసాగారు. వాళ్లకు నిజం చెబితే ఇల్లు పోతుంది, చెప్పకపోతే ఏం పోతుందో తెలియదు. అన్నిటికన్నా ముందు అరుణకుమారి శారదమ్మకు ఫోన్ చేసింది. ఆ తల్లి దర్శనం మానుకుని, భువనగిరిలో బస్సు దిగి వెనక్కి వచ్చింది.

ఆమె గడపలో కనబడగానే లోపల ఆట ఆగింది. బాగులేని ముక్కలున్నవాళ్లు వాటిని మధ్యలో మిగిలిన కట్ట మీద పడేశారు. మంచి ముక్కలు పడ్డవాళ్లు, ప్రాణం ఒప్పక, తొడల కింద దాచారు. శారదమ్మ ఆ కుప్పను చూసి నిలబడిపోయింది. బిక్షపతి గొంతు సవరించుకున్నాడు.

"సావింట్ల పొద్దు పోవద్దా అమ్మా. గందుకే జర పత్తాలు వేసినం."

చావింట్లో అలా పొద్దుపుచ్చడం ఆ పక్క ఉన్నదే కాబట్టి ఆమె మెత్తబడింది. "ఎవరు పోయిన్రు బిడ్డా?"

దయాకర్ నోరు బుర్రకంటే ముందు కదిలింది. "మా మేనమామ అమ్మా. జనగామ ఉప్పలయ్య మామ."

గౌతమి కళ్లు తేలేసింది.

"అయ్యో. ఆయన పెండ్లానికి ఫోన్ కలుపు బిడ్డా గౌతమీ, నేను రెండు మాటలు చెప్త." అందరూ చూస్తుంటే గౌతమి ఏం చేస్తుంది? ఉప్పలయ్య భార్య నంబరు నొక్కి, ఫోన్ ఇచ్చింది. అవతల మగగొంతు ఖంగున మోగింది.

"హలో, ఎవరు?"

"ఉప్పలయ్య ఇల్లేనా అయ్యా?"

"ఉప్పలయ్యనే మాట్లాడుతున్న. చెప్పుండ్రి."

అరుణకుమారి చేతిలోని టీ గ్లాసు జారి పడింది. శారదమ్మ మాత్రం ఫోన్ దించలేదు. "పానం మంచిగున్నదా అయ్యా?"

"మంచిగనే ఉన్నది. మోకాళ్లే జర గుంజుతున్నయి."

ఫోన్ పెట్టేసి శారదమ్మ దయాకర్ వైపు తిరిగింది. అతను ఆమె కాళ్ల దగ్గర కూర్చుని మొత్తం కక్కేశాడు, గోవాతో సహా. "ఇది జూదం కాదమ్మా, లెక్క. లెక్క తెలిసినోడు ఓడిపోడు."

"మా ఆయన గూడ గిదే అన్నడు." శారదమ్మ చాప మీద కూర్చుని కుప్పను కలిపింది. "నేనే పంచుత. గెలుస్తవన్న నమ్మకం కుదిరినప్పుడు చెప్పు. గెలిస్తే ఉండు, ఓడితే పో."

"వద్దు," అంది గౌతమి. దయాకర్ వినలేదు. ఆమె ఒక్కొక్క ముక్కే తిప్పి వేస్తుంటే రెండు, నాలుగు, ఐదు, మూడు, అన్నీ చిన్నవే పడుతున్నాయి. లెక్క పెరుగుతోంది. ఇంత మంచి లెక్క వీడియోల్లో కూడా చూడలేదు. "ఇప్పుడమ్మా," అన్నాడు.

అతనికి ఆరు, ఐదు వచ్చాయి. ఒక్క బొమ్మ పడితే ఇరవై ఒకటి. అడిగాడు, రెండు పడింది. పదమూడు. ఇక పడేది బొమ్మే, పడితే దాటిపోతుంది. చాలన్నాడు. శారదమ్మకు నాలుగు, ఐదు. తీసింది, మూడు. మళ్లీ తీసింది, ఆరు. పద్దెనిమిది.

దయాకర్ ఓడిపోయాడు. పెద్దమనుషులు మెల్లగా జారుకుందామని లేచారు. ఒక్కొక్కరి తొడల కింద నుంచి రాజులు, రాణులు, ఆసులు బొలబొల రాలాయి. అన్ని బొమ్మలూ వాళ్ల దగ్గరే ఉన్నాయి. మనుషులను లెక్కలో వేసుకోవాలని ఏ వీడియోలోనూ చెప్పలేదు.

గౌతమి ఏడుస్తూ వంటింట్లోకి వెళ్లి గిన్నెలు దించసాగింది. శారదమ్మ వెనకే వెళ్లి గిన్నె లాక్కుంది. "నువ్వెందుకు సదురుతున్నవ్ బిడ్డా? ఆడింది నువ్వా? ఇల్లు నీకు కిరాయికిస్తున్న. వాన్ని ఉంచుకుంటవో పంపుతవో నీ ఇష్టం."

గౌతమి చాలాసేపు ఆలోచించింది. చివరికి ఉంచుకుంది, కానీ అప్పటి నుంచి దయాకర్ నెలనెలా భార్యకు కిరాయి కడుతున్నాడు. ఒక్కరోజు ఆలస్యమైతే ఆమె గేటుకు టు-లెట్ బోర్డు కడుతుంది.