గుంత మూసిందెవరు?

ఎన్నికల ముంగిట ఒక సమస్యను పరిష్కరించడం ప్రజాస్వామ్యం మీద జరిగే దాడులన్నిటిలోకీ నీచమైనది. అలాంటి దాడే మా వార్డులో జరిగింది. టైలరమ్మ దుకాణం ముందు, మురికి కాలవ మీద రెండేళ్లుగా నోరు తెరుచుకుని ఉన్న గుంత తెల్లారేసరికి మూసి ఉంది. దాని మీద ఎవరో పెద్ద బండ పరిచి పోయారు.

పార్టీ వార్డు కమిటీ అత్యవసరంగా సమావేశమైంది. (కమిటీలో అందరూ ఉపాధ్యక్షులే. మామూలు సభ్యురాలు టైలరమ్మ ఒక్కతే. కుర్చీలు వేసేది కూడా ఆవిడే.)

"పోస్టర్లు అచ్చయిపోయాయి," అన్నాడు కన్వీనరు. "మన అభ్యర్థి గుంత వైపు వేలు చూపించే ఫొటో. సాయంత్రం మన పార్టీ పెద్దాయన వస్తున్నారు. గుంత పక్కన నిలబడి కంటతడి పెట్టడం ఆయన ప్రోగ్రాంలో ఉంది. ఇప్పుడాయన దేన్ని చూసి ఏడవాలి?"

పక్కనే కూర్చున్న అభ్యర్థి తల పట్టుకున్నాడు.

అవతలి పార్టీ మీద అనుమానం ఎంతోసేపు నిలవలేదు. వాళ్లూ అదే గుంత మీద పాట కట్టించుకున్నారు. వాళ్ల కన్వీనరు స్వయంగా ఫోన్ చేసి సానుభూతి తెలిపాడు. దర్యాప్తుకు మనుషులు కావాలంటే పంపుతానన్నాడు.

దాంతో అందరి చూపూ టైలరమ్మ మీద పడింది.

"నువ్వు పార్టీలో ఎందుకు చేరావమ్మా?" అడిగాడు కన్వీనరు.

"గుంత మూయిస్తారని. మా మామయ్యకి చూపు ఆనదు. ఇప్పటికే అందులో ఓసారి పడ్డాడు."

"రాసుకోండి. ఉద్దేశం ఉంది." (రాజకీయాల్లో నేరం రుజువు కావడానికి ఇంతకంటే ఏం కావాలి?)

"నేను మూయలేదన్నా! మూసినోళ్లు కనబడితే దండం పెడతాను."

"సానుభూతి కూడా ఉంది. రాసుకోండి."

ఏకగ్రీవంగా తీర్మానం చేశారు. సాయంత్రంలోగా అసలు దోషి దొరక్కపోతే టైలరమ్మను బహిష్కరించాలి. బండ తొలగించి, పోలింగ్ ముగిసేదాకా గుంతను యథాస్థితిలో కాపాడాలి. గుంత పరిరక్షణకు ఒక ఉపసంఘం కూడా ఏర్పడింది.

"మరి మా మామయ్య?" అంది టైలరమ్మ.

"పోలింగ్ దాకా ఇంట్లోంచి కదలనివ్వకు. పోలింగ్ రోజు మేమే ఎత్తుకెళ్తాంలే."

ఈలోగా ఉత్సాహం ఆపుకోలేక బండ ఎత్తబోయిన ఒక ఉపాధ్యక్షుడు జారి కాలవలో పడ్డాడు. బండ నిండా సబ్బు జిగురు. అది ఎవరింటిదో బట్టలుతికే బండ అని కన్వీనరు తేల్చేశాడు. ఇక బండ లేని ఇల్లు పట్టుకుంటే దొంగ దొరికినట్టే.

అలా మా కమిటీ తన చరిత్రలో మొట్టమొదటిసారి ఇంటింటికీ తిరిగింది. జనం కంగారుపడ్డారు. ఒకావిడ కుళాయి గురించి, ఒకాయన వీధి దీపం గురించి చెప్పబోయారు. తాము సమస్యలు వినడానికి రాలేదని, బండ మాత్రం చూసి పోతామని కన్వీనరు మర్యాదగా వివరించాడు.

అన్ని ఇళ్లలోనూ బండలున్నాయి. ఒక్క ఇల్లు మిగిలింది. అప్పటిదాకా ముందు నడిచిన అభ్యర్థి ఆగిపోయాడు.

"ఇది మా ఇల్లేగా. ఇక్కడెందుకు?"

టైలరమ్మ అప్పటికే గేటు తీసింది. పెరట్లో బండ ఉండాల్సిన చోట తడి మట్టి. పక్కనే అభ్యర్థి తల్లి, మోకాలికి కట్టుతో పీట మీద కూర్చుని, కొడుకు తెల్ల చొక్కాను బకెట్లో జాడిస్తోంది.

"అమ్మా, మన బండేదీ?"

"గుంత మీద. రెండేళ్లుగా నీకు చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది. మొన్న నేనే పడ్డాను."

"అంత బండ ఎలా మోశావే?"

"నీ పోస్టర్లు అంటించేవాళ్లే మోశారు. పార్టీలో చేరాక ఇదే మొదటి పనట, సంబరపడిపోయారు."

"కొంప ముంచావు కదే! ఇప్పుడే తీయిస్తా."

"తీయించు నాయనా. రేపట్నుంచి నీ చొక్కాలు నువ్వే ఉతుక్కో. నా ఓటు సంగతి కూడా నేను చూసుకుంటా."

అభ్యర్థి కన్వీనరు వైపు చూశాడు. కన్వీనరు ఉపాధ్యక్షుల వైపు చూశాడు. వాళ్లందరి తల్లులూ ఆ వార్డు ఓటర్లే. గుంత పరిరక్షణ ఉపసంఘం అక్కడికక్కడే రద్దయింది.

"అదంతా సరే," అంది టైలరమ్మ. "పొద్దున్నుంచీ వీధంతా నన్నే అంటోంది. ఎవరు మూశారో మైకులో చెప్పండి."

న్యాయమైన కోరికే. ప్రచారం ఆటో వచ్చి ఆగింది. కన్వీనరు మైకు అందుకుని గొంతు సవరించుకున్నాడు.

"వార్డు ప్రజలకు విజ్ఞప్తి. మన గుంతను మూసిన వ్యక్తి దొరికారు. ఆవిడ మన అభ్యర్థి గారి కన్నతల్లి. ఆవిడతో పార్టీకి గానీ, అభ్యర్థికి గానీ ఎలాంటి సంబంధమూ లేదు."