లింగమూర్తి కారుకు ల్యాంపు రూం పరీక్ష

ఆ రోజు మధ్యాహ్నం మూడింటికి మొదటి షిఫ్టు అయిపోతే సదయ్య కొలువు ముగుస్తుంది. ఆయనను బొగ్గుబాయి దగ్గర పూల కారెక్కించి, డప్పులతో ఇంటిదాకా తీసుకుపోవాలి. ఆ కారు తనదే కావాలని లింగమూర్తి నెల రోజులుగా కలలు కంటున్నాడు. ఎవరి కారో తేలకముందే, పొద్దున ఎనిమిదింటికే బంతిపూల దండలు తెచ్చి బానెట్టుకు కట్టేశాడు కూడా.

లింగమూర్తి బాయి మీద ల్యాంపు రూంలో పనిచేస్తాడు. కింద దిగేవాళ్ల నెత్తిన వెలిగే క్యాప్ ల్యాంపులన్నీ ఆయన చేతిమీదుగా పోవలసిందే. ఏ బ్యాటరీ షిఫ్టంతా నిలుస్తుందో, ఏది నడిమధ్యలో మోసం చేస్తుందో ఇట్టే చెప్పేస్తాడని గోదావరిఖనిలో పేరు. ఆ పేరుకు ఎసరు పెట్టినవాడు పక్క క్వార్టరులో ఉండే పంపు ఆపరేటరు సదానందం. ఇద్దరూ మంచిర్యాలలో ఒకే వారంలో ఒకే రకం సెకండ్ హ్యాండ్ కరెంటు కార్లు కొన్నారు. మొన్న ఆదివారం సదానందం షిఫ్టు వాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు: 'మా బండి బ్యాటరీ హెల్త్ 96.' దాని కింద డెబ్బై బొటనవేళ్లు. ఊరేగింపు మెల్లగా సాగుతుంది, ఈ ఎండలో ఏసీ ఆపలేం, కాబట్టి ఎవరి బ్యాటరీ గట్టిదైతే వాళ్ల కారే పోవాలని షిఫ్టు వాళ్లు అన్నారు.

లింగమూర్తి కారుకు మెకానిక్ ఖైజర్ పరికరం పెట్టి చూసి చెప్పింది తొంభై ఒకటి. అప్పటినుంచి ఆయనకు అన్నం సయించడం లేదు.

"బండి మంచిగనే ఉర్కుతాంది గద? గాయన నంబరుతోని నీకేం పని?" అంది భార్య యమున.

"పంపు నడిపెటోనికి తొంభై ఆరు, బ్యాటరీలు సూసెటోనికి తొంభై ఒకటా? ఎవలన్న ఇంటె నవ్వరా?"

నవ్వుతారన్నది పైకి చెప్పే బాధ. లోపలి బాధ సదయ్య. ఇరవై రెండేళ్ల కిందట తను బాయిలో దిగిన మొదటి రోజు భయంతో కూలబడితే, చెయ్యి పట్టుకుని పైకి తెచ్చినవాడు ఆయన. అలాంటి మనిషి చివరి డ్యూటీ నాడు సదానందం కారెక్కుతాడంటే లింగమూర్తికి కడుపు మండిపోయింది.

ల్యాంపు రూంలో బ్యాటరీ మీద అనుమానం వస్తే ఒక పద్ధతి ఉంది. దీపం ఆరిపోయేదాకా వెలిగించి, మొత్తం ఖాళీ చేసి, మళ్లీ నిండా ఛార్జి పెడతారు. కారుకూ అదే వైద్యం చేస్తే నంబరు పెరుగుతుందని లింగమూర్తి లెక్క. దండలు కట్టగానే, సదానందం కంట పడకుండా కాలనీ మైదానం వెనక కారు ఆపి, తలుపులు బిగించి, ఏసీ, లైట్లు అన్నీ వేసేశాడు. ఉన్నది ఇరవై శాతమే. అది అయిపోయేదాకా ఏం చేయాలి? సీటు వెనక్కి వాల్చి పడుకున్నాడు. చల్లగాలికి నిద్ర ముంచుకొచ్చింది.

ఒంటిగంటకు ఆకుకూరల గంపతో ఐలవ్వ అటు వచ్చింది. బంతిపూల దండలు, పట్టపగలు మినుకుమంటున్న లైట్లు, లోపల నోరు తెరుచుకుని వెల్లకిలా లింగమూర్తి. పూలు కట్టిన బండిలో మనిషి వెల్లకిలా ఉండడం ఆమె ఇదివరకు చూసింది ఒక్క సందర్భంలోనే. గంప అక్కడే వదిలేసి పరుగెత్తింది.

"ఓ యమునా! నీ పెనిమిటి పూలబండిల పన్నడే! ఉలుకు లేదు పలుకు లేదు!"

యమున ఏడుస్తూ సదానందానికి ఫోన్ చేసింది. సదానందం కంగారులో ఆ కబురు గ్రూపులో పెట్టాడు. ఈసారి డెబ్బై దండాలు వచ్చాయి. 'మంచి మనిషి' అని ఒకరు రాశారు.

సదానందం యమునను ఎక్కించుకుని కారు వేసుకొచ్చి అద్దం మీద దబదబా బాదాడు. "లే బావా! నీతోని ఇగ పోటి వెట్టుకోను నేను! తొంభై ఆరు వద్దు ఏమద్దు, సదయ్య కాకను నీ కార్లనే తీస్కపో బావా!"

లింగమూర్తికి మెలకువ వచ్చింది. కానీ ఆ మాట ఇంకోసారి విందామని తెరిచిన కళ్లు మళ్లీ మూసుకున్నాడు. యమున ఆ రెప్పలు చూసింది. తలుపు తీయించి మొగుడి వీపు మీద ఒక్కటి వేసింది.

"ఏందే గిట్ల కొడ్తవ్? బ్యాటరీ చెక్ చేస్తాన!"

బ్యాటరీ సున్నా అయింది. ల్యాంపు ఆరిపోతే చేత్తో ఎత్తి ఛార్జింగు ర్యాకులో పెట్టవచ్చు. కారును ఎవరు ఎత్తుతారు? ఆ సంగతి లింగమూర్తికి అప్పుడు తట్టింది.

అంతలో చావు కబురు విని ఖైజర్ వచ్చాడు. "అరె భాయ్, నీ మట్టికని దుకాణం బందు వెట్టి వచ్చిన, నువ్వు నిలవడ్డవేంది?" అంటూనే పరికరం తీసి రెండు కార్లకూ పెట్టి చూశాడు. లింగమూర్తిది తొంభై ఒకటి. సదానందానిది ఎనభై నాలుగు.

"మరి తొంభై ఆరేంది?" అన్నాడు సదానందం.

"గది ఛార్జింగ్ అన్న. ఆదివారం గంత ఎక్కింది. గదే హెల్త్ అనుకున్నవ్."

ఏళ్ల తరబడి బ్యాటరీలు చూస్తున్నవాడు ఆ ఒక్క ప్రశ్న అడగలేదు. అసూయ అడగనివ్వలేదు. ఇప్పుడు మాత్రం లింగమూర్తి ఎగిరి గంతేశాడు. "ఇన్నవా? మంచి బ్యాటరీ ఉన్న కారే పోవాలె! మాట మాటే!"

"పోవాలె బావా. కని కదులుతదా?"

కదలలేదు. చివరికి సదానందమే తాడు తెచ్చి తన కారుకు కట్టి బాయి దాకా లాక్కొచ్చాడు. సదయ్య పైకొచ్చి, దండ వేయించుకుని, రెండు కార్లనూ నడుమ ఉన్న తాడునూ చూశాడు. లింగమూర్తి తల దించుకున్నాడు.

"ముప్పై ఆరేండ్లు హాలేజీల తాడుతోని బొగ్గు టబ్బులు గుంజిన. ఆఖరు రోజు నన్ను గుంజితె తప్పేంది?" అంటూ సదయ్య వంగి, ముడి విప్పి తానే గట్టిగా కట్టాడు. "లింగమూర్తి పక్కన్నే కూసుంట. జల్ది నడువుండ్రి."

ఏసీ లేదు. చెమటలు కారుతున్నాయి. సదయ్య చెయ్యి భుజం మీద పడగానే లింగమూర్తి గుండె నిండిపోయింది. దారి పొడుగునా అందరూ ఆపి ఆపి ఫోటోలు తీశారు.

సాయంత్రం గ్రూపులో నూటపన్నెండు ఫోటోలు వచ్చాయి. అన్నింటిలోనూ ముందున్నది సదానందం కారే.