గాలి, గాయం, గాథ

శుద్ధవాయు చట్టం మీద ఆరువందల పుటల గ్రంథం రాసిన ఆచార్యులవారి ఇంట్లో ఒక మంగళవారం ఉదయం బనియను రంగు గురించి తగాదా వచ్చింది.

"ఇది తెల్ల బనియను," అంది ఇల్లాలు, తీగ మీంచి తీసిన బనియనును ఆయన ముఖం ముందు పట్టుకుని. "నిన్ననే ఉతికాను. ఇవాళ చూడండి ఎలా ఉందో."

"బూడిద రంగు బనియను," అన్నారు ఆచార్యులవారు, పేపర్లోంచి తల ఎత్తకుండా.

"కొన్నప్పుడు మల్లెపువ్వులా ఉందండీ!"

"ఆధారం?"

"నేనే కదా కొన్నది!"

"నువ్వు ఫిర్యాదుదారువి. నీ సాక్ష్యం నీకే చెల్లదు."

ఇల్లాలు బీరువా అంతా గాలించి దుకాణం రసీదు తెచ్చింది. అందులో బనియన్లు అరడజను అని ఉంది గానీ రంగు లేదు. ఆచార్యులవారు గెలిచారు. గెలిచి, ఆ బనియనే తొడుక్కుని, శుద్ధవాయువు మీద పాఠం చెప్పడానికి వెళ్ళారు.

పాఠకులు తొందరపడి ఆయన్ని అపార్థం చేసుకోకూడదు. ఆయన చాలా మంచివారు. భార్య మాటను ఏనాడూ తీసిపారేయలేదు, పరిశీలించాకే కొట్టేస్తారు. తగాదాకు మూలం కూడా ఆయన కాదు. వాళ్ళ వంటింటి కిటికీకి పన్నెండు అడుగుల దూరంలో, విశ్వవిద్యాలయం వారు రెండేళ్ళ కిందట నెలకొల్పిన జనరేటరు. దాని గొట్టం తొమ్మిది అడుగులు. పొద్దున ఏడింటి నుంచి సాయంత్రం ఆరింటిదాకా ఆ గొట్టం ఏం వదలాలో అది వదులుతుంది, ఆ వదిలినదంతా నేరుగా వాళ్ళింటికే అతిథిగా వస్తుంది.

దాన్ని పొగ అనడానికి వీల్లేదు. ఆచార్యులవారి గ్రంథంలో ఏడో అధ్యాయం చదివినవారెవరూ ఆ మాట అనరు. చట్టం ప్రకారం పొగగొట్టం అంటే ముప్పై అడుగులకు తగ్గనిది. ఇది తొమ్మిది అడుగులు కనుక పొగగొట్టం కాదు. పొగగొట్టం కానిదాంట్లోంచి వచ్చేది పొగ కాజాలదు. నిప్పు లేనిదే పొగ రాదన్నారు పెద్దలు. ఆచార్యులవారు ఇంకో మెట్టు పైకెక్కి, తగినంత ఎత్తు లేనిదే పొగ రాదని నిరూపించారు. ఇంట్లో కూడా ఆయన దాన్ని 'కంటికి కనబడే వాయువు' అనే వ్యవహరిస్తారు.

ఆ వాయువు ఎవరి మీద ఎలా పనిచేసినా, ఇల్లాలి మామగారి మీద మాత్రం మొహమాటం లేకుండా పనిచేసింది. ఆయన సైన్యంలో బాకా ఊదిన మనిషి. ప్రాంగణంలో అందరూ బాకా తాతగారనే అంటారు. నిజానికి ఆ విశ్వవిద్యాలయంలో ఎవరికి కావలసిన బాకా వారు ఊదుతూనే ఉంటారు గానీ, చేతిలో పరికరం పెట్టుకుని ఊదింది ఆయనొక్కరే. యుద్ధం నుంచి తిరిగొచ్చినప్పటి నుంచీ ప్రతి ఉదయం వరండాలో నిటారుగా నిలబడి మేలుకొలుపు బాణీని ఒకే ఊపిరిలో ఊదేవారు. జనరేటరు వచ్చిన ఏడాదికి ఆ బాణీ మూడు ఊపిరులైంది. తర్వాత ఏడైంది. తర్వాత బాకా బీరువా మీదకు చేరింది, దగ్గు ఆయన గొంతులోకి చేరింది.

"ఈ చలికాలం లోపు ఆ పొగ ఆగాలమ్మా," అన్నాడు డాక్టరు. అతను ఏడో అధ్యాయం చదవలేదు. "లేకపోతే ఆయన ఊపిరి ఇక ఆయన చేతిలో ఉండదు. సిలిండరు చేతిలో ఉంటుంది."

చలికాలానికి ఇంకా ఆరు వారాలే ఉన్నాయి. ఇల్లాలు జనరేటరు మెకానిక్కు దగ్గరకు వెళ్ళింది. అతను నూనెగుడ్డతో చేతులు తుడుచుకుంటూ లేచాడు.

"దీన్ని మైదానం అవతలకి మార్చడం పెద్ద పనా, బాబూ?"

"నాలుగు బోల్టులండీ, అమ్మగారూ. విప్పి, బండెక్కించి, అక్కడ దింపితే ఒక్క పూట పని. కానీ ఉపకులపతిగారి సంతకం కావాలి. కాగితం పెట్టి ఏడాదిన్నరైంది. ఆయనుండేది తోటబంగళాలో. గాలి అటునుంచి ఇటు వస్తుంది గానీ ఇటునుంచి అటు పోదు కదా! కిటికీ తీసి చూసి, పొగ ఎక్కడుందీ అన్నారంట."

"మరి నువ్వు రోజంతా దీని పక్కనే ఉంటావే, నీకు దగ్గు రాదా?"

"వస్తుందండీ. ఈ ఇంజను మోతలో నాకే వినపడదు, ఇంక ఆఫీసుకేం వినపడుతుంది?"

ఇల్లాలు ఇంటికొచ్చి ఒక కాగితం మీద ఫిర్యాదు రాసింది. బి.ఎ.లో ఆమెకు వ్యాసరచనలో మొదటి బహుమతి వచ్చింది. అయినా ఆ ఫిర్యాదులో ఒక్క అలంకారం వాడలేదు. ఎన్ని అడుగులు, ఎన్ని గంటలు, డాక్టరు ఏమన్నాడు, ఏం చేస్తే బాగుంటుంది. పద్నాలుగు పంక్తులు, కింద సంతకం.

ఆఫీసులో గుమాస్తా గోడ మీది ఉత్తర్వు చూపించాడు. విశ్వవిద్యాలయం ఘనంగా తలపెట్టిన 'గాలి, గాయం, గాథ' అనే మూడు రోజుల సదస్సు ముగిసేవరకు, సదస్సుకు సంబంధించని ఏ కాగితమూ స్వీకరించరాదు. మొదటి రోజు శుద్ధవాయు చట్టం, రెండో రోజు యుద్ధ వారసత్వం, మూడో రోజు స్వీయగాథా కథనం.

"అయితే సదస్సుకు సంబంధించిందనే తీసుకోండి," అంది ఇల్లాలు. ఆరు వారాల్లో అప్పుడే ఒకటి అయిపోయింది.

గుమాస్తా నిజాయితీపరుడు. కాగితం రెండుసార్లు చదివాడు. గాలి గురించి ఉంది గానీ, ఆ విభాగానికి అధ్యక్షుడు ఆమె భర్తే; బంధుప్రీతి అవుతుంది. సైనికుడి ప్రస్తావన ఉంది గానీ, యుద్ధ విభాగం వారు పోయినవాళ్ళ మీద తప్ప కాగితాలు తీసుకోరు. చివరికి 'మా ఇంట్లో' అని మొదలైంది కనుక స్వీయగాథ కింద అచ్చుకు పంపాడు.

సదస్సు మొదలైంది. హాలు తలుపులన్నీ మూసి, ఏసీలు పెట్టి, వాటి కోసం జనరేటరును రెట్టింపు వేగంతో నడిపారు. మొదటి రోజు ఆచార్యులవారు గంటన్నర మాట్లాడారు. గాలి శుభ్రంగా ఉండాలంటే ముందు దానికి సరైన నిర్వచనం ఉండాలని, నిర్వచనం స్వచ్ఛంగా ఉంటే గాలి సంగతి అదే చూసుకుంటుందని చెప్పారు. మధ్యలో జనరేటరు పది నిమిషాలు ఆగింది. ఏసీలు ఆగాయి. ఉక్కపోతకు పండితులంతా ఆరుబయటికి వచ్చి, గాలి ఆడటం లేదని మెకానిక్కును చెడామడా తిట్టి లోపలికెళ్ళారు.

రెండో రోజు మామగారిని వేదిక మీద కూర్చోబెట్టారు. పక్కన యుద్ధ వారసత్వ నిపుణుడు. ఆయన నలభై యుద్ధాల మీద పుస్తకాలు రాశారు, ఒక్కదాంట్లోనూ గాయపడలేదు.

"తాతగారూ, యుద్ధం మీకేం మిగిల్చింది?" అని అడిగారు నిపుణుడు, గొంతు బరువు చేసి.

మామగారు నోరు తెరిచారు. దగ్గు వచ్చింది. ఒక నిమిషం దగ్గారు. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

"అది కాదు బాబూ," అన్నారాయన ఊపిరి కూడదీసుకుని. "ఈ దగ్గు యుద్ధానిది కాదు. నేను యుద్ధం నుంచి రాయిలా వచ్చాను. ఇది మీ జనరేటరుతో పాటు వచ్చింది."

నిపుణుడు సభ వైపు తిరిగారు. "గమనించారా? తన బాధకు మూలం బాధితుడికే తెలియకపోవడం! యుద్ధ వారసత్వపు ప్రధాన లక్షణం ఇదే."

ముందు వరసలో ఆచార్యులవారు హాయిగా నిట్టూర్చారు. దగ్గు యుద్ధానిదైతే అది చట్టం పరిధిలోకి రాదు. ఇల్లాలు ఆ నిట్టూర్పు విని, ఆయన వైపు చూసిన చూపు మాత్రం ఏ పరిధిలోకి వస్తుందో ఆయనకు తోచలేదు.

మూడో రోజు ఇల్లాలిని పిలిచారు. ఎట్టకేలకు ఫిర్యాదు విచారణకు వచ్చిందనుకుని ఆమె మంచి చీర కట్టుకుని, డాక్టరు చీటీ కూడా సంచీలో పెట్టుకుని వెళ్ళింది. మైకు ముందు పద్నాలుగు పంక్తులూ చదివింది. వెనక వరసలో ఒకావిడ కళ్ళు తుడుచుకుంది.

"పన్నెండు అడుగులు!" అన్నాడు ఒక విమర్శకుడు. "మనిషికీ మనిషికీ మధ్య దూరాన్ని ఇంత కచ్చితంగా కొలిచిన రచన నేను చదవలేదు."

"అమ్మా, ఇందులో పొగ అంటే మీ ఉద్దేశంలో ఏమిటి?" అని అడిగాడు ఇంకొకడు.

"పొగేనండీ."

"ఆహా!" అంది సభ. "ఏమి నిగ్రహం!"

"కావాలంటే వచ్చి చూడండి. కిటికీ దగ్గర నిలబడితే మీకే తెలుస్తుంది."

"పాఠకుణ్ణి రచనలోకి ఆహ్వానించడం!" అని విమర్శకుడు రాసుకున్నాడు.

ఆమె డాక్టరు చీటీ తీసి చూపించింది. దాన్ని అనుబంధంగా అచ్చు వేయాలని ఏకగ్రీవంగా ఒప్పుకున్నారు. ఇంత గొప్ప రచనకు ప్రేరణ అయిన జనరేటరును, ఉపకులపతిగారి లిఖిత ఆజ్ఞ లేకుండా అంగుళం కూడా కదపరాదని తీర్మానించారు. ఆచార్యులవారి నివాసానికి 'స్ఫూర్తి నిలయం' అని నామకరణం చేశారు. ఇల్లాలికి జ్ఞాపిక ఇచ్చారు. చాలా బరువైన జ్ఞాపిక. ఒక్క క్షణం ఆమెకు దాన్ని విసరాలనిపించింది గానీ, చదువుకున్న మనిషి కనుక చంకలో పెట్టుకుంది.

అప్పుడు ఉపకులపతిగారు లేచారు.

"ఈ సోదరి రచన విన్నాక నాకు ఆనందం కలగలేదు, అసూయ కలిగింది!" అన్నారు. "పదకొండేళ్ళుగా నేను ఆత్మకథ రాస్తున్నాను. మూడో పుట దాటలేదు. ఎందుకని? నా జీవితంలో కష్టమన్నది లేదు. అదే నా కష్టం! నా కిటికీ తీస్తే పూలు కనబడతాయి. పూలు చూస్తూ ఎవడైనా ఆత్మకథ రాయగలడా? సోదరీ, చేతులెత్తి అడుగుతున్నాను. ఒక్క నెల, ఒక్కటంటే ఒక్క నెల, మీ ఇల్లు నాకివ్వండి. మీరు నా బంగళాలో ఉండండి. ఆ కిటికీ పక్కన నా బల్ల వేసుకోనివ్వండి!"

హాలు దద్దరిల్లింది. సభ ముగిసేసరికి, ఆయన తర్వాత ఆ ఇంట్లో ఉండటానికి మరో పదిహేడుమంది పేర్లు రాయించుకున్నారు.

"ఇంట్లో అడిగి చెబుతానండీ," అంది ఇల్లాలు.

మర్నాడు ఆదివారం. మధ్యాహ్నం ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. కిటికీ మూసి, సందుల్లో తడిగుడ్డలు కుక్కి వడ్డించింది ఇల్లాలు.

"ఇల్లు ఇచ్చేద్దామా అనుకుంటున్నా," అంది. "అంటే, తోటబంగళా మనం పుచ్చుకుని, ఇది ఆయనకిచ్చేద్దామని."

"నేను రాను," అన్నారు మామగారు, ముద్ద కలపడం ఆపి. "మనం తప్పించుకుంటే సరిపోయిందా, అమ్మాయ్? ఆ మెకానిక్కు ఎక్కడికి పోతాడు? ఆ పదిహేడుమందీ పిచ్చివాళ్ళు, పోనీ. వాడు పేరు రాయించుకోలేదు కదా!"

"తప్పించుకోవడానికి కాదు, మామయ్యగారూ. అతన్నే పొద్దున అడిగొచ్చాను. బండి కుదుర్చుకోమన్నాను. వారం తిరక్కుండా పని పడుతుందని చెప్పాను."

"సంతకం?"

"సంతకం చేసే ఆయన వచ్చి ఆ కిటికీ పక్కనే కూర్చుంటున్నారు కదా! ఏడింటికి గొట్టం మొదలవుతుంది. ఆయన ఎనిమిదింటికి కలం పట్టుకుంటారు. ఏం రాస్తారో నేనెందుకు చెప్పడం?"

మామగారికి నవ్వు మొదలైంది. నవ్వు దగ్గైంది, దగ్గు మళ్ళీ నవ్వైంది. మంచినీళ్ళు తాగి కళ్ళు తుడుచుకున్నారు.

"మా యుద్ధమూ అంతే, అమ్మాయ్. పదకొండు నెలలు గోతుల్లో పడి చచ్చాం. ఎవరికీ పట్టలా. ఒకరోజు దారి తప్పిన గుండొకటి సేనాధిపతి గుడారం పక్కన పడింది. ఆయన టీ ఒలికిపోయింది. సాయంత్రానికల్లా రాజీ మాటలు మొదలైనాయి. ఈ ముక్క ఆ నిపుణుడు అడిగితే చెబుదామనుకున్నా. అడగలా."

ఇంతసేపూ ఆచార్యులవారు తింటూనే ఉన్నారు. ఇప్పుడు ఆయన ముఖంలో నిజమైన ఆందోళన కనిపించింది. చెయ్యి కంచంలో ఆగిపోయింది.

"అది కాదే," అన్నారు. "అంత పెద్దమనిషి! పాపం, ఈ పొగలో ఆయన ఆరోగ్యం ఏమైపోతుంది?"

చట్టం పొగ అన్న మాటను మొదటిసారి పలికింది. మామగారు కోడలి వైపు చూశారు. కోడలు భర్త కంచంలో ఇంకాస్త కూర వడ్డించింది.

"రేపు పొద్దున్నే మారుతున్నాం," అంది. "మీ పుస్తకాలు మీరు కట్టుకోండి."