మూడోసారి అన్నాక

అనూరాధకు భర్త మీద ఉన్న ఫిర్యాదు చిన్నదే. ఆయన ఏ మాటా ఒక్కసారి చెప్పరు. "కాఫీ కావాలి. వేడిగా కావాలి. ఇప్పుడే కావాలి" అని కాస్త ఆగి వంటింటి వైపు చూస్తారు. ఆగడం చప్పట్ల కోసం. మురళీమోహన్ గారు ఆమదాలవలసలో ఉంటూ రాజాం కాలేజీలో ఇంగ్లీషు పాఠం చెబుతారు. హక్కుల కోసం జనాన్ని కదిలించిన మహోపన్యాసాల్లో ఏ మాట ఎందుకు పేలిందో విడమరిచి చెప్పడం ఆయన స్పెషాలిటీ.

ఇలాంటి మేధావి అవసరం పట్టణ పార్టీ అధ్యక్షుడు జగన్నాధం గారికి వచ్చింది. పేదల హక్కుల కోసం ప్రాణమైనా ఇస్తానని, ఆదివారం పొద్దున సంతలో ఇస్తానని ఆయన పోస్టర్లు వేయించారు.

హక్కు కూడా సిద్ధంగానే ఉంది. సముద్రపు ఒడ్డు నుంచి చేపల గంపలతో వచ్చే ఆడవాళ్లు సంతలో ఎండకి కూర్చుంటున్నారు. మధ్యాహ్నానికి సరుకు మెత్తబడి, అడిగిన ధరకి ఇచ్చేసి పోతున్నారు. వాళ్ల కోసం కట్టిన రేకుల షెడ్డులో జగన్నాధం గారి బావమరిది సిమెంటు బస్తాలు చల్లగా ఉన్నాయి.

రిహార్సల్ లెక్చరర్ గారింట్లో జరిగింది. ముందు తల్లి పడ్డ కష్టం చెప్పాలన్నారు మేస్టారు.

"మాయమ్మకి కష్టమేటి మేస్టారూ? మాకు రైసు మిల్లుండేది."

అయితే మిల్లు పడ్డ కష్టం చెప్పమన్నారు. తర్వాత 'నేను' ఉన్నచోటల్లా 'మనం' పెట్టించారు. చివరికి "ఈ షెడ్డు మీది" అని రెండుసార్లు అనిపించి, ఆగమన్నారు.

పకోడీలు తెచ్చిన అనూరాధ కూడా ఆగింది. సంతకెళ్లినప్పుడల్లా కూర్మమ్మ గంపలో చేపలు కొంటూ, ఒడ్డున వేలం ఎలా సాగుతుందో కబుర్లు వినే మనిషి.

"మూడోసారి కూడా అంటే నిండుగా ఉంటుందేమోనండీ" అంది.

భార్యలో ఇంత సాహిత్య దృష్టి ఉందని మురళీమోహన్ గారు ఇన్నాళ్లకు గ్రహించి పొంగిపోయారు.

సభ బ్రహ్మాండంగా సాగింది. జగన్నాధం గారు మిల్లు గుర్తొచ్చి కళ్లు తుడుచుకున్నారు. జనమూ తుడుచుకున్నారు. "ఈ షెడ్డు మీది" అంటే చప్పట్లు పడ్డాయి. మళ్లీ అంటే ఈలలు పడ్డాయి. చెయ్యెత్తి మూడోసారి అని, ఆగారు.

చప్పట్లు రాలేదు. ఆడవాళ్లంతా లేచి, కొంగులు బిగించి షెడ్డులోకి నడిచారు. సిమెంటు బస్తాలు ఒక్కొక్కటే బయటికి వస్తున్నాయి. గంపలు లోపలికి పోతున్నాయి. తన విరామానికి ఇంత బలముందని ఊహించని మురళీమోహన్ గారు భార్య వైపు చూశారు. ఆవిడ శ్రద్ధగా చీర కుచ్చిళ్లు సర్దుకుంటోంది.

జగన్నాధం గారు మైకుతోనే పరిగెత్తారు.

"ఏటమ్మా ఇది? ఎవులు సెప్పినారు మీకు?"

"నువ్వే కద బాబూ" అంది కూర్మమ్మ గంప దించుతూ. "ఒకసారంటే మాటనుకున్నాం. రెండోసారి బేరమనుకున్నాం. మా ఒడ్డున వేలంలో మూడోసారి అన్నాక సరుకు పాడినోడిదే. ఎనక్కి లాక్కున్నోడి మొగం మళ్లీ ఎవులూ సూడరు. ఓటైనా అంతే."

సంతంతా చూస్తోంది. జేబులో ఫోను మోగుతోంది, బావమరిది నుంచే. మేస్టారు రాసిచ్చిన కాగితంలో ఇక మాటల్లేవు. జగన్నాధం గారు మొదటిసారి సొంతంగా మాట్లాడారు. మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది.

"తప్పు నాదేనమ్మా" అన్నారు. "ఇది ఉపన్యాసమని ముందే సెప్పాల్సింది."